సిమ్యులేటర్‌లో విమానం నడపడం ఎంతవరకు వస్తుంది?

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్)లోని మా ఆండర్సన్‌పేట పిల్లలకు విమానం కొత్త కాదు. బెంగళూరు నుంచి చెన్నై వైపు పోయేవి మా నెత్తి మీదుగానే పోతుంటాయి. ఈమధ్య కొత్తగా కనిపిస్తున్నది వేరే ఉంది. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, చేతిలో జాయ్‌స్టిక్ పట్టుకుని, సెస్నా 172 లాంటి నాలుగు సీట్ల పిస్టన్ ఇంజను విమానాన్ని తామే ఎగరేసుకుంటున్నారు. పక్కన నిలబడి చూసే అమ్మానాన్నలకు ఒకటే సందేహం: ఇది ఆటా, చదువా? రేపు ఫ్లయింగ్ స్కూల్లో చేరితే ఇందులో ఏమైనా పనికొస్తుందా, లేక అక్కడ మళ్లీ అ ఆల నుంచి మొదలెట్టాలా?

మా ఊరికి ఈ ప్రశ్న ఊసుపోని ముచ్చట కాదు. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాక కేజీఎఫ్ బతుకంతా బెంగళూరు రైలుకు ముడిపడింది. మారికుప్పంలో తెల్లవారుజామున బయల్దేరే రైలెక్కి పనికిపోయి, రాత్రికి ఇల్లు చేరేవాళ్లు వీధికి పదిమంది ఉంటారు. విమానం నేర్చుకోవాలన్నా దారి అటే. దగ్గర్లో ఉన్నది బెంగళూరు ఉత్తరాన జక్కూరులోని ప్రభుత్వ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూలు. తెలుగు నేల మీదికి వెళ్దామంటే హైదరాబాదు దాకా పోవాలి. కమర్షియల్ పైలట్ లైసెన్సు చేతికొచ్చేసరికి ఖర్చు పదుల లక్షల్లో తేలుతుంది. ఇల్లో పొలమో తాకట్టు పెట్టి కట్టే డబ్బు అది. దానికి ముందు ఇంట్లో కూర్చుని నేర్చుకోగలిగింది ఎంత, నేర్చుకోలేనిది ఎంత అన్న లెక్క తేలడం అవసరం.

నా అంచనా ముందే చెబుతాను. తలతో చేసే పని చాలావరకు సిమ్యులేటర్‌లో వస్తుంది. చేత్తో చేసేది సగం వస్తుంది. కాళ్లతో చేసేది, పెడళ్లు కొనుక్కుంటే, కొంచెం వస్తుంది. ఒంటికి తెలియాల్సింది మాత్రం అసలు రాదు. ఇందులో ఏది ఎందుకో విడమరిచి చూడాలి.

నేల మీద కూర్చుని ఎగరడం నేర్పే ఆలోచన విమానమంత పాతది. అది నిలదొక్కుకున్నది ఎడ్విన్ లింక్ చేతిలో. ఆయన న్యూయార్క్ రాష్ట్రం బింగమ్టన్‌లో పియానోలు, ఆర్గన్లు తయారుచేసే కుటుంబంలో పెరిగాడు. ఆర్గన్‌కు గాలి ఊదే తిత్తులనే వాడి, చిన్న రెక్కలున్న ఒక పెట్టెను అటూ ఇటూ ఒరిగేలా, ముక్కు పైకీ కిందికీ ఆడేలా 1929లో తయారుచేశాడు. కొన్నేళ్లపాటు అది సంతల్లో వినోదంగానే ఎక్కువ నడిచింది. 1934లో అమెరికా సైన్యానికి టపా విమానాలు నడిపే పని అప్పగించారు. మబ్బుల్లో, రాత్రిళ్లు, పరికరాలు చూసి ఎగరడం రాని పైలట్లు వారాల వ్యవధిలో వరసగా చనిపోయారు. అప్పుడు గాని సైన్యం లింక్ పెట్టెలు కొనలేదు. రెండో ప్రపంచయుద్ధంలో లక్షలమంది వైమానికులు వాటిలోనే బయటి చూపు లేకుండా ఎగరడం నేర్చారు. 

ఇంటి కంప్యూటర్‌కు ఈ విద్య వచ్చింది బ్రూస్ ఆర్ట్‌విక్ వల్ల. 1975లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ తెరపై విమాన దృశ్యాన్ని గీయడం మీద ఆయన థీసిస్ రాశాడు. అదే పెరిగి 1982లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ అయింది. ఆ వరసలో 2020లో, 2024లో వచ్చినవి ఉపగ్రహ చిత్రాలతో భూగోళాన్నంతా తెర మీద పరిచాయి. ఆస్టిన్ మేయర్ మొదలెట్టిన ఎక్స్-ప్లేన్ రెక్కను చిన్న చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్క మీద గాలి ఒత్తిడిని సెకనుకు ఎన్నోసార్లు లెక్కగడుతుంది. ఫ్లైట్‌గేర్ ఉచితం. పాత కంప్యూటర్ మీదా ఓపిగ్గా నడుస్తుంది, అందులోనూ సెస్నా 172 ఉంది. పేద ఇంటి పిల్లవాడు మొదలుపెట్టాల్సింది దీనితోనే.

ఇప్పుడు రుజువుల సంగతి. ఆట ఆడితే చదువొస్తుందా అన్నది పరిశోధకులు గట్టిగానే పరీక్షించారు. ఇజ్రాయెల్ వైమానిక దళ శిక్షణార్థుల మీద డేనియల్ గోఫర్, ఆయన సహచరులు చేసిన పరిశోధన 1994లో అచ్చయింది. వాళ్లు వాడిన ఆట పేరు స్పేస్ ఫోర్ట్రెస్. అందులో విమానం లేదు, కాక్‌పిట్ లేదు. గీతల కోట, దాని చుట్టూ తిరిగే ఒక ఓడ, అంతే. అయినా పది గంటలు ఆ ఆటలో తర్ఫీదు పొందినవాళ్లు, పొందనివాళ్లకంటే నిజం విమానంలో మెరుగ్గా నడిపారు. ఒకేసారి నాలుగైదు వైపుల నుంచి వచ్చిపడే పనుల మధ్య ధ్యాసను ఎలా పంచుకోవాలో ఆట నేర్పింది. అయితే ఊరికే ఆడుకోమని వదిలేయలేదు. ఇప్పుడు దీన్ని చూడు, తర్వాత దాన్ని చూడు అని ధ్యాసను మళ్లించే పద్ధతి పెట్టి ఆడించారు. ఇంట్లో ఒంటరిగా ఆడే పిల్లవాడికి దొరకనిది ఆ పద్ధతే.

బ్రిటన్‌లో డెనిస్, హారిస్ 1998లో ప్రచురించిన పరిశోధన మన ప్రశ్నకు ఇంకా దగ్గరిది. ఎన్నడూ విమానం నడపనివాళ్లకు ఇంటి కంప్యూటర్ సిమ్యులేటర్‌లో కాసేపు తర్ఫీదిచ్చి, ఆ తర్వాత నిజం విమానం ఎక్కించారు. తిన్నగా, ఒకే ఎత్తులో ఎగరడం, ఎత్తు తగ్గకుండా మలుపు తిరగడం వాళ్లు ఇతరులకంటే బాగా చేశారు. చిత్రం ఏమిటంటే, కొందరికి కీబోర్డు మీటలే ఇచ్చారు, కొందరికి విమానంలో ఉండేలాంటి కంట్రోళ్లిచ్చారు. నడిపిన తీరులో రెండు జట్ల మధ్యా తేడా రాలేదు. కంట్రోళ్లు వాడినవాళ్లకు మనసు మీద భారం తక్కువ అనిపించింది, అంతవరకే. ఖరీదైన పరికరం కొననిదే ఏమీ రాదనుకునేవాళ్లు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవాలి.

ఇక ఇల్లినాయ్‌లో హెన్రీ టేలర్ బృందం 1990లలో చేసిన పని. పరికరాలు చూసి ఎగరడం నేర్చుకునే విద్యార్థులకు పర్సనల్ కంప్యూటర్ మీద కొన్ని పాఠాలు చెప్పి, విమానంలో ఎన్ని గంటలు ఆదా అవుతున్నాయో లెక్కగట్టారు. కొత్త పని మొదటిసారి నేర్చుకునేటప్పుడు లాభం బాగా ఉంది. ముందే నేర్చినదాన్ని తిరిగి రుద్దినప్పుడు లాభం పలచబడింది. ఈ ఫలితం నుంచి నేను తీసుకునే పాఠం ఇది: ఒక్కో విన్యాసానికీ సిమ్యులేటర్ మొదటి కొన్ని గంటలే బంగారం. అదే పనిని వందోసారి చేస్తే వేలికి అలవాటు పెరుగుతుందే కాని విమానంలో గంటలు తగ్గవు. స్టాన్లీ రాస్కో అనే శాస్త్రజ్ఞుడు ఈ తరుగుదలను 1970లలోనే లెక్కలు కట్టి చూపించాడు.

ఆ విశ్వవిద్యాలయం నుంచే వచ్చిన పాత పరిశోధన ఇంకొకటి అందరూ తెలుసుకోవాలి. 1954లో, పరికరాలు చూసి ఎగరడం రాని 20 మందిని విమానంలో కూర్చోబెట్టి, బయటి చూపు లేకుండా చేశారు. ఒక్కరు కూడా విమానాన్ని అదుపులో ఉంచుకోలేకపోయారు. సగటున 178 సెకన్లలో పట్టు తప్పింది. మూడు నిమిషాలైనా కాదు. ఆ తర్వాత వాళ్లకే, పరికరాలు చూస్తూ మెల్లగా వెనక్కి మళ్లి మబ్బులోంచి బయటపడే పద్ధతి నేర్పితే దాదాపు ప్రతిసారీ చేయగలిగారు. మన నైరుతి రుతుపవనాల్లో నల్లమబ్బు ఎంత చప్పున కమ్ముకొస్తుందో తెలిసినవాళ్లకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు. ఈ ఒక్క పాఠం సిమ్యులేటర్‌లో నిజంగా బాగా నేర్చుకోవచ్చు. అక్కడ ఒంటి మాట నమ్మకుండా పరికరాల గడియారాలను నమ్మడమే పని, ఆ గడియారాలు తెర మీద అచ్చం నిజంలానే ఉంటాయి.

పిస్టన్ విమానం విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకంగా పట్టే సంగతులు కొన్ని ఉన్నాయి. సిమ్యులేటర్ పాఠాలు చెప్పేవాళ్లు ఎక్కువమంది సముద్రమట్టం దగ్గరి చల్లటి దేశాల వాళ్లు. వాళ్లు చెప్పినట్టు చేసి, అదే బెంగళూరులోనూ జరుగుతుందనుకుంటే పొరపాటే.

జక్కూరు సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది. కేజీఎఫ్ కూడా ఇంచుమించు అంతే. మే నెల మధ్యాహ్నం 33 డిగ్రీల ఎండలో అక్కడి గాలి, లెక్క ప్రకారం 5,900 అడుగుల ఎత్తున ఉండే గాలంత పలచగా ఉంటుంది. టర్బోచార్జర్ లేని పిస్టన్ ఇంజను ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు మూడు శాతం బలం కోల్పోతుంది. అంటే ఆ మధ్యాహ్నం ఇంజను బలంలో ఆరో వంతు లేనట్టే. రెక్కకూ అదే పలచటి గాలి, ప్రొపెల్లర్‌కూ అదే. నేల విడవడానికి పరుగు దాదాపు సగం ఎక్కువ పడుతుంది. వేగం చూపే గడియారం ఎప్పటిలాగే 55 నాట్ల దగ్గర ముక్కెత్తమంటుంది, కాని నేల మీద విమానం అంతకంటే వేగంగా పోతుంటుంది. రన్‌వే చివర చెట్లు ముందుకొస్తున్నట్టు అనిపిస్తుంది. మిక్శ్చర్ మీట పూర్తిగా లోపలికి తోసి ఉంచితే పెట్రోలు ఎక్కువై ఇంజను ఇంకా నీరసిస్తుంది. ఇంత ఎత్తున ఉన్న చోట, వేడి రోజున, తయారీదారు పుస్తకంలో చెప్పినట్టు మిక్శ్చర్‌ను కొంచెం వెనక్కి లాగి సరిచూసుకోవాలి.

ఇదంతా సిమ్యులేటర్‌లో కళ్లారా చూడవచ్చు. జక్కూరు రన్‌వే మీద విమానాన్ని నిలిపి, వాతావరణంలో ఉష్ణోగ్రత 10 పెట్టి ఒకసారి, 35 పెట్టి ఒకసారి, నలుగురు మనుషుల బరువు వేసి ఒకసారి ఎగరండి. ప్రతిసారీ చక్రాలు ఎక్కడ నేల విడిచాయో రాసుకోండి. పుస్తకంలో పట్టికగా చదివితే మరిచిపోయే సంగతి అప్పుడు మరపురాదు. నిజం విమానంతో ఈ ప్రయోగం ఎవరూ చేయనివ్వరు, చేయకూడదు కూడా.

రెండో సంగతి కార్బ్యురేటర్‌లో మంచు. మంచు అనగానే కాశ్మీరం గుర్తొస్తుంది గాని, దీనికి మంచుదేశం అక్కర్లేదు. కార్బ్యురేటర్ గొంతులో గాలి సన్నటి దారిలో దూరుతూ, పెట్రోలు ఆవిరవుతూ, లోపలి వేడి ఇరవై డిగ్రీలకు పైగా పడిపోగలదు. బయట 22 డిగ్రీలు, గాలిలో తేమ నిండుగా, ఇంజను తక్కువ బలంతో దిగుతూ ఉంటే, గొంతులో మంచు పట్టడానికి అంతకంటే మంచి అదను ఉండదు. జూలై, ఆగస్టు నెలల్లో బెంగళూరు, కోలారు వాతావరణం సరిగ్గా అదే. మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఏళ్లతరబడి తిరిగిన సెస్నా 152లో ఉండేది కార్బ్యురేటర్ ఇంజనే. బలం మెల్లగా తగ్గడం, ఇంజను గొణగడం గమనించి కార్బ్యురేటర్ హీట్ మీట లాగాలి. లాగిన వెంటనే ఇంజను ఇంకా తడబడుతుంది, భయపడి మీట మళ్లీ తోసేయకూడదు. కరిగిన నీళ్లు ఇంజను మింగి తేరుకునేదాకా ఓపిక పట్టాలి. ఇక్కడ సిమ్యులేటర్లు అన్నీ ఒకలా లేవు. కొన్నిటిలో ఇంజను ఎంత హింసపెట్టినా ఏమీ కాదు. ఎ2ఎ సిమ్యులేషన్స్ వాళ్ల సెస్నా 172 లాంటివి ప్లగ్గులకు మసి పట్టడం, నూనె తగ్గడం, ఇంజను అరిగిపోవడం దాకా లెక్కగడతాయి. పిస్టన్ ఇంజను నేర్చుకోవాలంటే అలాంటిదే వాడాలి. ఏం చేసినా స్టార్టయ్యే ఇంజనుతో నేర్చినవాడికి ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే మాగ్నెటోల పరీక్ష ఎందుకో ఎప్పటికీ తెలియదు.

మన పక్కనే తయారైన విమానాన్నీ ఇక్కడ తలుచుకోవాలి. బెంగళూరు నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ రూపొందించిన రెండు సీట్ల హంస 1993లో మొదటిసారి ఎగిరింది. దాని కొత్త రూపం హంస-ఎన్‌జీ 2021 సెప్టెంబరులో ఎగిరింది. దాని రోటాక్స్ ఇంజనుకు కార్బ్యురేటర్ లేదు, పెట్రోలును కంప్యూటర్ కొలిచి చిమ్ముతుంది. అంతకు చాలా ముందే, 1951లో, హెచ్‌ఏఎల్‌లో వి.ఎం. ఘాటగే నాయకత్వంలో తయారైన హెచ్‌టీ-2 పిస్టన్ ట్రైనర్ బెంగళూరులోనే గాల్లోకి లేచింది. శిక్షణ విమానాల చరిత్ర మాకు వంద కిలోమీటర్ల దూరంలోనే జరిగింది.

ఇంజను ఆగిపోవడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2009 జూలైలో మెదక్ జిల్లాలో వైమానిక దళం హెచ్‌పీటీ-32 కూలి ఇద్దరు అధికారులు మరణించారు. ఆ తర్వాత ఆ పిస్టన్ ట్రైనర్‌ను పూర్తిగా పక్కనపెట్టారు. ఇలాంటి క్షణానికి ఏ పైలటైనా సిద్ధంగా ఉండాలి. నిజం విమానంలో ఇన్‌స్ట్రక్టర్ త్రాటిల్ వెనక్కి లాగి ఇంజను ఆగినట్టు నటిస్తాడే గాని, ఇంజను నిజంగా ఆర్పడు. సిమ్యులేటర్‌లో నిజంగానే ఆర్పవచ్చు. ఆర్పాలి కూడా, అదీ చెప్పాపెట్టకుండా. సెస్నా 172ఎస్ అయితే వెంటనే ముక్కు దించి 68 నాట్లు పట్టాలి. దిగే చోటు చూసుకోవాలి. పెట్రోలు సెలెక్టర్, పంపు, మిక్శ్చర్, మాగ్నెటోలు వరసగా చేత్తో తాకాలి. ఇంజను మళ్లీ లేవకపోతే రేడియోలో మాట చెప్పి, తలుపు గడియ తీసిపెట్టుకుని దిగాలి. ఈ వరస చేతికి ఎక్కేదాకా ఇంట్లో ఎన్నిసార్లయినా చేయవచ్చు, పైసా ఖర్చు లేదు. సిమ్యులేటర్ నాకు ఇంకేమీ ఇవ్వకపోయినా ఈ ఒక్కదాని కోసం దాన్ని కొనమంటాను.

దారి తెలుసుకోవడం కూడా తల పనే. జక్కూరు నుంచి కేజీఎఫ్‌కు గీత గీస్తే సుమారు 40 నాటికల్ మైళ్లు, దిక్కు తూర్పుకు కాస్త దక్షిణంగా, 100 డిగ్రీల దగ్గర. 100 నాట్ల వేగానికి 24 నిమిషాల ప్రయాణం. ఎడమకూ కుడికీ చూస్తూ పోతే హొసకోట చెరువు, తర్వాత కోలారు పక్కన శతశృంగ పర్వతాలు, ఆపైన బంగారుపేట జంక్షన్ కనిపిస్తాయి. అక్కడ చెన్నై లైను నుంచి చీలి మారికుప్పం వైపు పోయే రైలుకట్టను పట్టుకుంటే ఊరు తప్పదు. ఉపగ్రహ చిత్రాలున్న సిమ్యులేటర్‌లో బంగారం తీశాక మిగిలిన మన సైనైడ్ దిబ్బలు పాలిపోయిన రంగులో దూరం నుంచే తెలిసిపోతాయి. వాటి పక్కనే ఆండర్సన్‌పేట వీధులు. గనుల్లో మా పెద్దలు పదివేల అడుగులకు పైగా లోతు దిగారు. చాంపియన్ రీఫ్ గని ఇంచుమించు 3.2 కిలోమీటర్ల లోతుది. వాళ్ల మనవలు అదే ఊరిని ఐదువేల అడుగుల పైనుంచి చూస్తూ దారి వెతుక్కోవడం నాకు ఎంతో సంతోషమిచ్చే సంగతి.

ఇప్పుడు ఆ లెక్కకు గాలిని కలపండి. జూన్, జూలైల పడమటి గాలి 15 నాట్లు ఉందనుకుంటే వచ్చేటప్పుడు 21 నిమిషాలు, తిరిగి పోయేటప్పుడు 28. పోయిరావడానికి పెట్రోలు సరిపోతుందా అన్న లెక్క వచ్చిన దారితో వేయకూడదని ఈ ఒక్క ప్రయాణం నేర్పుతుంది. జీపీఎస్ ఆపేసి, పటం, గడియారం, కంపాస్ మాత్రమే పెట్టుకుని చేస్తేనే ఫలితం. ఒక హెచ్చరిక కూడా ఉంది. సిమ్యులేటర్‌లో జక్కూరు నుంచి ఎవరినీ అడక్కుండా లేచిపోవచ్చు. నిజానికి దాని చుట్టూ దేవనహళ్లి అంతర్జాతీయ విమానాశ్రయం, యలహంక వైమానిక స్థావరం, హెచ్‌ఏఎల్ విమానాశ్రయం ఉన్నాయి. అనుమతి లేకుండా అక్కడి గాలిలో అడుగుపెట్టకూడదు. ఆ అనుమతి అడగడం సాధన చేయడానికి సిమ్యులేటర్‌లోనే దారి ఉంది: వాట్‌సిమ్, ఐవావో అనే ఉచిత నెట్‌వర్కుల్లో ఔత్సాహికులే కంట్రోలర్లుగా కూర్చుని మాట్లాడతారు. మైకు ముందు నోరు పెగలని పిల్లలకు అంతకంటే మంచి బడి లేదు. తెలుగు మీడియం, కన్నడ మీడియం చదువుల నుంచి వచ్చినవాళ్లకు ఇంగ్లీషులో రేడియో మాటలు పెద్ద అడ్డంకి. ఆ బెరుకు అక్కడ వదులుతుంది.

ఇక రానివి. ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకోవడం కాదా ఇది అని అడిగే పెద్దలున్నారు. వాళ్ల మాటలో బలం ఉంది. ముఖ్యంగా చివరి ఇరవై అడుగుల విషయంలో. విమానం దిగేటప్పుడు నేల దగ్గరపడుతున్న తీరు కంటి మూలల్లో తెలుస్తుంది. ఒక్క తెర ముందు కూర్చున్నవాడికి కంటి మూలలే లేవు. అందుకే సిమ్యులేటర్‌లో చాలామంది రన్‌వే మీద పడతారు, లేదా పది అడుగుల ఎత్తునే ముక్కెత్తి తేలిపోతారు. అయితే ఇందులోనూ పూర్తిగా చేతులెత్తేయనక్కర్లేదు. లింటర్న్, రాస్కో తదితరులు 1990లో ప్రచురించిన పరిశోధనలో, కంప్యూటర్ దృశ్యాలతో కొద్దిపాటి ల్యాండింగ్ సాధన చేసిన కొత్త విద్యార్థులకు మొదటిసారి ఒంటరిగా ఎగిరేలోపు అవసరమైన ల్యాండింగులు గుర్తించదగినంత తగ్గాయి. రన్‌వే ఆకారం చూసి ఎత్తు ఎక్కువా తక్కువా అని పోల్చుకోవడం తెర మీద వస్తుంది. ముక్కెత్తే ఆ చివరి క్షణం మాత్రం విమానంలోనే వస్తుంది.

కాళ్ల సంగతీ అంతే. పూర్తి బలంతో ముక్కెత్తి పోతున్న సెస్నా ఎడమకు లాగుతుంది, కుడి పెడల్ తొక్కి పట్టాలి. సిమ్యులేటర్లలో ఈ పనిని కంప్యూటరే చేసిపెట్టే సదుపాయం ముందే వేసి ఉంటుంది. మొదటి రోజే దాన్ని తీసేయాలి. లేకపోతే కాళ్లు నిద్రపోతాయి, ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్ కుడి కాలు, కుడి కాలు అని గొంతు చించుకోవాల్సి వస్తుంది. రెక్క పట్టు తప్పే స్టాల్ దాటి, సుళ్లు తిరిగే స్పిన్‌లో పడిన విమానం ఎలా నడుచుకుంటుందో ఇంటి సిమ్యులేటర్ చెప్పేది నమ్మకూడదు. ఆ లెక్కలు అక్కడికి చేరేసరికి బలహీనపడతాయి. కడుపులో దిగబడే ఆ బరువు, మెడ మీద పడే ఎండ, ఇంజను వాసన, నిజంగా ప్రాణానికే ముప్పున్నప్పుడు వచ్చే ఆ గొంతు తడారిపోవడం, ఇవేవీ కుర్చీలో రావు.

అన్నిటికంటే పెద్ద చిక్కు వేరే. సిమ్యులేటర్‌లో పెరిగిన పిల్లవాడి చూపు గడియారాల మీదే ఉంటుందని ఇన్‌స్ట్రక్టర్లు మొత్తుకుంటారు. తెర మీద గడియారాలే స్పష్టం, దిగంతం మసక. నిజం విమానంలో పది వంతుల్లో తొమ్మిది వంతులు బయటే చూడాలి, పక్కన ఇంకో విమానం వస్తున్నదేమో చూడాలి. దీనికి మందు సులువు. గడియారాల మీద కాగితం అంటించి, ముక్కుకూ దిగంతానికీ మధ్య ఎడం, ఇంజను శబ్దం రెండిటితోనే ఎత్తు నిలపడం సాధన చేయాలి. మబ్బు పాఠం చేసే రోజున మాత్రం కాగితం తీసేయాలి.

నిబంధనల మాట క్లుప్తంగా. కమర్షియల్ లైసెన్సుకు మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 200 గంటల ఫ్లయింగ్ అడుగుతుంది. అందులో 10 గంటలు పరికరాలు చూసి ఎగిరినవై ఉండాలి, వాటిలో ఐదు గంటల వరకు ఆమోదం పొందిన సిమ్యులేటర్‌లో చేయవచ్చు. అమెరికాలో ప్రైవేట్ లైసెన్సుకు కావలసిన 40 గంటల్లో సాధారణంగా రెండున్నర గంటలు మాత్రమే ఆమోదిత పరికరం మీద చెల్లుతాయి. ఇంట్లో జాయ్‌స్టిక్‌తో ఎగిరిన గంటలు ఎక్కడా లాగ్‌బుక్కుకు ఎక్కవు, ఎన్ని వందలైనా సరే. సిమ్యులేటర్ గంటలకు లైసెన్సు వస్తుందని చెప్పి డబ్బు అడిగేవాళ్లుంటే అది మోసం. ఇంటి సాధన గంటలను లెక్కలో కలపదు గాని, స్కూల్లో అదనంగా పడే గంటలను తగ్గించగలదు. కనీస గంటలకు మించి పడే ప్రతి గంటకూ వేలల్లో కట్టాల్సిన చోట అది చిన్న ఆదా కాదు.

ఏది కొనాలి అంటే, ముందు మెలితిప్పే జాయ్‌స్టిక్ ఒకటి చాలు. చెయ్యి కుదిరాక పెడళ్లు. కదిలే కుర్చీ, మూడు తెరలు, ఇవన్నీ తర్వాతి మాట. ఆ డబ్బు ఇన్‌స్ట్రక్టర్‌కు పెట్టడం మేలు. పైన చెప్పిన పరిశోధనల్లో దేన్ని చూసినా ఒకటే తేలుతోంది: ఫలితం వచ్చింది ఎవరో పక్కన కూర్చుని, ఏం చేయాలో చెప్పి, ఏం తప్పుతోందో చూపించిన చోట. తప్పుడు పద్ధతిలో రెండొందల గంటలు ఆడినవాడికి వాటిని మరిపించడానికే ఇన్‌స్ట్రక్టర్‌కు సగం ప్రాణం పోతుంది.

అందుకే కేజీఎఫ్ పెద్దలకు నాదొక విన్నపం. మన ఊళ్లో ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, పాలిటెక్నిక్‌లు ఉన్నాయి, బీఈఎంఎల్ లాంటి సంస్థ దశాబ్దాలుగా ఇక్కడ యంత్రాలు తయారుచేస్తోంది. వీటిలో ఎవరైనా ఒక గది ఇచ్చి, అందులో రెండు మూడు కంప్యూటర్లు, పెడళ్లు పెట్టండి. బెంగళూరులో స్థిరపడిన రిటైర్డ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్లలో ఒకరు నెలకు రెండు ఆదివారాలు రైల్లో వచ్చినా, రాలేని వారాల్లో వీడియో కాల్‌లో పిల్లవాడి తెర చూస్తూ సరిదిద్దినా చాలు. ఆండర్సన్‌పేట, రాబర్ట్‌సన్‌పేట పిల్లలు జక్కూరు గేటు తట్టేసరికి సగం దూరం నడిచి ఉంటారు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఫ్లయింగ్ స్కూలు ఫీజు కట్టకముందే డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర పిల్లవాడికి మెడికల్ పరీక్ష చేయించండి. రంగులు గుర్తించే చూపులో లోపం లాంటిది ఉంటే అది ముందే తేలిపోవాలి. ఆ తర్వాత ఆరు నెలలు ఇంట్లో సిమ్యులేటర్ మీద, పుస్తకం పక్కన పెట్టుకుని, పద్ధతిగా సాధన చేయనివ్వండి. ఆరు నెలల తర్వాత కూడా వాడు ఆటగా కాక చెక్‌లిస్టుతో మొదలుపెట్టి చెక్‌లిస్టుతో ముగిస్తుంటే, జక్కూరుకు తీసుకెళ్లి ఒక్కసారి ఇన్‌స్ట్రక్టర్‌తో నిజం విమానం ఎక్కించండి. అప్పు చేయాలో వద్దో ఆ తర్వాతే నిర్ణయించండి.